కుట్టు నాది, కట్టు ఆవిడది

ఆవిడ పోయిన రెండు నెలలకి ఆవిడ కట్టిన పొట్లం ఒకటి మా ఇంటికి తిరిగొచ్చింది.

పార్సిల్ తెచ్చినతను దాన్ని గుమ్మంలో పెట్టి, ఫోన్లో వచ్చిన నంబరు చెప్పించుకుని వెళ్ళిపోయాడు. పైనున్న ప్లాస్టిక్ సంచి ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, ఒక మూల చిరిగి నల్లబడి ఉంది. అది గోరఖ్‌పూర్ వెళ్ళాల్సిన పార్సిల్. అక్కడ తీసుకునేవాళ్ళు ఇంట్లో లేరు, ఫోన్ ఎత్తలేదు. ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి మారుతూ మారుతూ చివరికి పంపినవాళ్ళ అడ్రసుకే వచ్చింది. చిరిగిన మూలలోంచి గోధుమరంగు కాగితం, దాని చుట్టూ పురికొస, కాగితం మీద వేలితో అద్దిన పసుపు చుక్క కనిపించాయి.

ఇంకెవరైనా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండింది. అబద్ధమెందుకు, ఆ పురికొస ముడి చూసినప్పుడల్లా నాకు అలాగే మండేది. మనిషి పోయినా మంట పోలేదని ఆ రోజు తెలిసింది.

నేను లడ్డూ గోపాల్‌కి బట్టలు కుడతాను. చేతిలో లడ్డూ పట్టుకుని పాకుతూ ఉండే ఇత్తడి చిన్నికృష్ణుడు. ఈ వైపు హిందీవాళ్ళ ఇళ్ళలో అది బొమ్మ కాదు, ఇంట్లో పిల్లవాడు. పొద్దున్నే స్నానం చేయిస్తారు, బట్టలు మారుస్తారు, చలికాలం వస్తే స్వెటర్ తొడుగుతారు, ఊరెళితే బుట్టలో పెట్టుకుని వెంట తీసుకెళతారు. ఆ బట్టల్ని పోషాక్ అంటారు. అరచేతిలో పట్టేంత గుడ్డకి చుట్టూ జరీ, లోపల అస్తరు, పైన పూసలు, నెత్తిన చిన్న పాగా. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి టాటానగర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి పోషాక్ ఎలా ఉండాలో హిందీవాళ్ళకి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఈ ఊళ్ళోనే కద్మాలో, మా ఇంటి వరండాలో మిషన్ వేసుకుని కుట్టి, ఆన్‌లైన్లో అమ్ముతున్నాను. షాపు పేరు నాది, ఫోటోలు నావి, కుట్టు నాది. నా కుట్టు తిరగేసి చూసినా ముందు వైపు ఉన్నట్టే ఉంటుంది. ఈ మాట నేను చెప్పుకోకూడదు. ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి చెప్పుకోక తప్పడం లేదు.

అమ్మడం ఒక ఎత్తు, పంపడం ఒక ఎత్తు. ఆర్డరు వచ్చిన మర్నాటికల్లా పార్సిల్ బయలుదేరకపోతే సైటువాళ్ళు మన షాపుని అడుక్కి తోసేస్తారు. ఆ తర్వాత ఎవరు వెతికినా మనం కనపడం. ఒక ఏడాది కృష్ణాష్టమి ముందు కుట్టడం ఆపి మడతలు పెట్టడం, మడతలు ఆపి టేపు వెయ్యడం, టేపు ఆపి చీటీలు అతికించడం, ఇదే బతుకైపోయింది. మంచం మీద డబ్బాలు, బియ్యం డ్రమ్ము మీద డబ్బాలు. మా ఆయనది కంపెనీలో కాంట్రాక్టు పని. డ్యూటీ దిగి వచ్చి అన్నం కంచం చేత్తో పట్టుకుని ఇంటి మధ్యలో నిలబడ్డాడు.

"ఎక్కడ కూకోమంటావే? ఈ డబ్బాల మీదేటి?" అన్నాడు.

అప్పుడు సీతారాండేరాలో ఉండే ఒక గాజులామె దారి చూపించింది. ఆవిడ కూడా గోపాల్‌కే చిట్టి గాజులు, కంకణాలు చేసి ఆన్‌లైన్లో అమ్ముతుంది. జుగ్సలాయిలో అందరూ మౌసీ, అంటే పిన్ని, అని పిలిచే ఒకావిడ ఉందని, సరుకు ఆవిడకి అప్పగించి ఫోన్లో చీటీలు పంపిస్తే చాలని, మడత, కట్టు, బండివాడికి అప్పగించడం అన్నీ ఆవిడే చూసుకుంటుందని చెప్పింది. "ఆప్ లోగోంకీ హీ హై, తెలుగు," అని కూడా అంది. మీవాళ్ళే అన్నాక వెళ్ళకుండా ఉంటానా?

జుగ్సలాయిలో ఒక పప్పుల వ్యాపారి గోడౌన్ మీద గది. మెట్లెక్కుతుంటే గోనెసంచుల వాసన, బెల్లం వాసన. లోపల ముక్కాలి పీట మీద ఒక మనిషి కూర్చుని ఉంది. పొట్టిగా, గట్టిగా, మోచేతుల దాకా గాజుల్లేని చేతులతో. ఒక పక్క మొబైల్ కవర్లు, ఒక పక్క గాజుల డబ్బాలు, మసాలా పొట్లాలు. మొగుడు పోయాక చాలా ఏళ్ళు ఒక మిఠాయి కొట్టులో డబ్బాలకి దారాలు కట్టిందట. ఆవిడ గురించి నాకు తెలిసిన చరిత్ర అంతే. అంతకు మించి అడిగితే, "అదంతా ఎందుకమ్మీ, సరుకు తియ్యి," అనేది.

సరుకు తీశాను. మొదటిసారి కదా అని నా కుట్టులో మేలైనది పట్టుకెళ్ళాను. ఎర్ర పట్టు మీద జరీ లతలు. చేతిలో పెట్టి, ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ తిరగేయలేదు. కుట్టు చూడలేదు. జరీ మీద వేలు కూడా వెయ్యలేదు.

"ఏ ఊరెల్తాది?" అంది.

"అలీగఢ్ పిన్నీ."

"అలీగఢ్ గుంటడా," అంటూ బట్టని ఒళ్ళో పరిచింది. మావైపు మగపిల్లాణ్ణి గుంటడంటారు. ఆవిడ లెక్కలో దేశంలో ఉన్న గోపాల్‌లందరూ గుంటలే. ముందు భాగం లోపలికి వచ్చేలా మడిచింది. అదేమిటి, అందం లోపలికి పోయిందే అన్నాను.

"దారిలో ఎంతమంది కళ్ళడతాయో. దిష్టి తగలదేటి?" అంది.

గోధుమరంగు కాగితంలో చుట్టి, పురికొస మోచేతికి ఒక చుట్టు వేసి కొలిచి, కత్తెర లేకుండా వేళ్ళకి మెలిపెట్టి ఒక్క గుంజుతో తెంపింది. అటు రెండు, ఇటు రెండు తిప్పి ముడి వేసింది. టేపు వెయ్యవా అంటే, పైనున్న ప్లాస్టిక్ సంచికి వేస్తానంది. లోపలి పొట్లానికి టేపు తగలనిచ్చేది కాదు.

"కట్టడం ఎవుడైనా కడతాడమ్మీ. ఇప్పినోడికి కోపం రాకూడదు. ఇదిగో, ఈ కొస లాగు."

లాగాను. ముడి మొత్తం ఒక్కసారిగా విడిపోయి, పురికొస తిన్నగా నా చేతిలోకి వచ్చేసింది. పొట్లం దానంతట అది విచ్చుకుని ఎర్ర పట్టు బయటపడింది. అంత అందంగా నా బట్ట నాకే ఎప్పుడూ కనిపించలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. హమ్మయ్య, పని తప్పింది అనుకుని ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను.

నెల తిరక్కుండానే సైటులో రాతలు మొదలయ్యాయి. కొన్నవాళ్ళు నక్షత్రాలు పెట్టి కింద రెండు ముక్కలు రాస్తారు కదా, వాటి కోసం నేను పొద్దున్నే పాల ప్యాకెట్ కంటే ముందు ఫోన్ అందుకుంటాను. "పోషాక్ ఠీక్ హై. పాకింగ్ దేఖ్‌కే మన్ ఖుష్ హో గయా." బట్ట ఫరవాలేదట, పొట్లం చూసి మనసు నిండిపోయిందట. ఒకరు రాశారు కదా అనుకున్నాను. ఇంకొకరూ అదే రాశారు. ఫోటోలు కూడా పెట్టడం మొదలుపెట్టారు. గోపాల్‌కి నా బట్ట తొడిగి తీసిన ఫోటో కాదు. విప్పని పొట్లం ఫోటో. పెళ్ళిచూపుల్లో పిల్లని చూపిస్తే, పిల్ల సంగతి వదిలేసి కాఫీ తెచ్చిన గ్లాసు బాగుందన్నట్టుంది నా పని. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

నాకు కుళ్ళు పుట్టింది. దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవను. నడుము పడిపోయేలా కూర్చుని కుట్టింది నేను, రెండు చుట్లు తిప్పి ముడేసింది ఆవిడ. షాపు పేరు నాదయినా వాళ్ళు ప్రేమించింది ఆవిడని. నా షాపు నా చేతిలోంచి జారి జుగ్సలాయి మెట్లెక్కి కూర్చుందనిపించింది.

ఆ రాతలు ఆవిడకి చదివి వినిపించేదాన్ని. దాచిపెట్టే రకాన్ని కాను నేను. పైగా మెప్పు వింటే మనిషి ఎలా ఉబ్బిపోతుందో చూడాలని, చూసి ఇంకాస్త మండిపోవాలని ఉండేది. సరుకు సంచి దించి, పీట పక్కన కూలబడి, ఫోన్ తీసి గట్టిగా చదివేదాన్ని. లక్నో నుంచి ఫలానా ఆవిడ ఇలా రాసింది, పొట్లం కట్టిన చేతులకి దండం పెట్టిందట పిన్నీ అని.

"అలగా? టీ తాగుతావా?" అనేది ఆవిడ.

అంతే. చెయ్యి ఆగేది కాదు, తల ఎత్తేది కాదు. ఆ ఒక్క ముక్క నా కుట్టు గురించి వస్తే నేను ఊరంతా చాటి, ఫోటో కట్టించి గోడకి తగిలించేదాన్ని. ఆవిడకి అది టీ పాటి కాదు. నేను అడుక్కున్నా దొరకనిది ఆవిడ కాలి కింద పడి ఉంటే తొక్కుకుంటూ పోతోంది. ఆ టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుని తాగేది. తాగేటప్పుడు మాత్రం కట్టేది కాదు. "తాగి కడితే కాయితానికి మరకవుద్ది," అనేది. మళ్ళీ పీటెక్కగానే, "ఈయేల గుంటలెంతమందే?" అని అడిగి, నేను ఫోన్లో చీటీలు చూసి చెబుతుంటే, ఇండోర్ గుంటడు, కాన్పూర్ గుంటడు, పాట్నా గుంటడు అని ఒక్కొక్కరికీ విడిగా చోటు చూపించేది.

ఇంకో మంట ఉంది. ఒకసారి వెళ్ళేసరికి గాజులామె పొట్లాలకి కూడా అదే కాగితం, అదే పురికొస, అదే ముడి.

"ఇదేటి పిన్నీ, మాలాగే కట్టేసినావు ఆవిడికి కూడాను?" అన్నాను.

"మరెలగ కట్టమంటావు?"

"మాది వేరేగా ఉండాలి కదా."

"ముడి ముడే అమ్మీ. నీకోలాగ, దానికోలాగ అని చేతేళ్ళు మారుత్తాయేటి?"

"నాయి మట్టుకే కట్టు. నీకు లోటు రానివ్వను."

ఆవిడ అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. "ముడి మీద కూడా పేరు రాయించుకుంటావేటి?" అని మళ్ళీ పనిలో పడింది. ఆవిడ మీద కుళ్ళు చాలక, ఆవిడ చేతిని పంచుకుంటున్నవాళ్ళ మీద కూడా కుళ్ళుకోవలసి వచ్చింది నాకు. ఇంటికి వెళ్ళే దారంతా ఆటోలో గాజులామెని తిట్టుకుంటూనే ఉన్నాను. ఆవిడే కదా నాకు దారి చూపించింది అన్న మాట గుర్తొచ్చినా తిట్టడం ఆపలేదు.

అంతలో ఒక పోషాక్ తిరిగొచ్చింది. కారణం కింద "దాగ్ లగా హువా హై" అని రాశారు. మరక పడిందట. తెల్ల శాటిన్ బట్ట. అంచు లోపల చూస్తే నిజంగానే కందిగింజంత పసుపు మరక. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నక్షత్రాలు తగ్గాయన్న బాధ కూడా లేదు. దొరికిపోయింది, నా చేతికి దొరికిపోయింది అనుకుంటూ చెప్పులు వేసుకుని జుగ్సలాయి పరిగెత్తాను.

"ఇదేటి పిన్నీ ఈ మరక?" అని బట్ట ముఖం మీద పెట్టాను.

"మరకేటి? పసుపు."

"పసుపెక్కడ్నుంచి వచ్చింది?"

"నేనే ఎట్టినాను. అన్నిటికీ ఎడతాను. మిగతాయి రంగుబట్టలు, అవుపడలేదు."

ఆవిడ నన్ను వింతగా చూసింది.

"కొత్త బట్ట. పసుపెట్టకండా ఏ తల్లయినా గుంటడికి తొడుగుతాదేటి? మీయమ్మ నీకెట్టలేదేటి?"

పెట్టింది. ఎందుకు పెట్టలేదు? పండక్కి కొత్త పరికిణీ కుట్టిస్తే, తొడుక్కోవాలని నేను గెంతుతుంటే, ఆగవే అని వంటింట్లోంచి తడి వేలితో పసుపు తెచ్చి అంచు లోపల అద్దేది. అది ఆరేదాకా నేను ఊదుతూ కూర్చునేదాన్ని. ఎన్ని ఏళ్ళుగానో గోపాల్‌కి కుడుతున్నాను. ఒక్క బట్టకి కూడా పసుపు పెట్టాలని నాకు తోచలేదు. తోచవలసింది నాకు, తోచింది ఆవిడకి. పట్టుకున్నాననుకుని వెళ్ళినదాన్ని, ఇంకో మెట్టు కిందకి దిగి నిలబడ్డాను.

అయినా ఊరుకోలేదు. "ఈ వైపోళ్ళకి తెలీదు పిన్నీ, మరకనుకుంటారు. వాడేసిన బట్ట అమ్మేమంటారు. మానెయ్," అన్నాను.

"సరే, నీ గుంటలు, నీ ఇష్టం. మానేత్తాను," అంది ఆవిడ. బట్టకి మానేసింది. మర్నాటి నుంచి కాగితానికి పెట్టడం మొదలుపెట్టింది. పైన, ముడి పక్కన, అందరికీ కనపడేలా.

ఇక చూడాలి. మా షాపువాళ్ళు ప్రతి పోషాక్‌కీ పూజ చేసి పంపుతారని ఎవరో రాశారు. పసుపు చుక్క ఉన్న కాగితాన్ని చింపకుండా గోపాల్ పీట కింద పరుస్తున్నామని ఇంకొకరు రాశారు. నేను వెళ్ళి పెట్టిన పేచీ వల్ల ఆవిడ కీర్తి రెండింతలైంది. చేతులారా చేసుకున్నాను, ఎవరితో చెప్పుకోను? మా ఆయనకి చెబితే నవ్వి, "నువ్వు ఇంకో రెండు పేచీలెట్టు, ఆర్డర్లు పెరుగుతాయి," అన్నాడు. ఆ రాత కూడా ఆవిడకి చదివి వినిపించాను.

"అలగా? టీ తాగుతావా?"

చివరికి, ఆ ముడి ఏదో నేనే నేర్చేసుకుంటే గొడవ వదులుతుందనుకున్నాను. చెప్పదేమో, దాచుకుంటుందేమో అని బెల్లం జీళ్ళ పొట్లం కూడా పట్టుకెళ్ళాను. నేనైతే దాచుకునేదాన్ని. ఆవిడ అడగ్గానే పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నా వేళ్ళు పట్టుకుని, ఇలాగ, ఇలాగ, దీని కిందనుంచి తియ్యి అని మళ్ళీ మళ్ళీ చూపించింది. దారంతో బతికే చేతులు నావి. కళ్ళు మూసుకుని సూది ఎక్కించగలను. ఆ ముడి మాత్రం వచ్చేది కాదు. వేసినంతసేపూ అచ్చం ఆవిడ ముడిలాగే ఉండేది. కొస లాగితే బిగుసుకుపోయేది.

"నువ్వు మరీ గట్టిగా లాగేత్తన్నావు," అంది ఆవిడ. "ఊడిపోద్దేమోనని నీకు బయ్యం. ఊడడానికే కదేటి కట్టడం?"

జీళ్ళు మాత్రం ఇద్దరం తినేశాం. చిటికెడు కూడా మిగల్చలేదు.

ఈ చలికాలంలో ఆవిడకి జ్వరమన్నారు, ఆసుపత్రన్నారు, అంతలోనే అయిపోయిందన్నారు. కబురు అందిన వెంటనే వెళ్ళాను. గది కింద, గోడౌన్ అరుగు మీద పడుకోబెట్టారు. గాజులామె నాకంటే ముందే వచ్చి తల దగ్గర కూర్చుని ఉంది. "మేరీ మా చలీ గయీ," అని గుండెలు బాదుకుంటోంది. నాకు దుఃఖం రావాల్సిన చోట కూడా ముందు కుళ్ళే వచ్చింది. నీకు అమ్మ ఎప్పుడయింది? తెలుగు ముక్క రాదు నీకు. పసుపు ఎందుకు పెట్టిందో తెలుసా నీకు? ఇదంతా మనసులోనే అనుకుంటూ కాళ్ళ దగ్గర నిలబడ్డాను, అక్కడే చోటు మిగిలింది. ఏడవడంలో కూడా వెనకబడ్డాను. పాడె కట్టినవాళ్ళు తాడు బిగించి, పీటముళ్ళు వేసి కట్టారు. ఆవిడ చూసి ఉంటే ఊరుకునేది కాదు.

ఆ తర్వాత నా సరుకు ఊరవతల ఒక పెద్ద షెడ్డుకి అప్పగించాను. అక్కడ వందల షాపుల సరుకు ఉంటుంది. చీటీ మీద గీతలు చదివే మిషన్, ప్లాస్టిక్ కవరు, ఒక టేపు ముక్క, అయిపోయింది. పార్సిళ్ళు ఆలస్యం లేకుండా వెళ్ళేవి, ఫిర్యాదుల్లేవు. రాతలూ లేవు. పొట్లం అడ్డు తొలగింది కదా, ఇప్పుడైనా నా కుట్టు గురించి రాస్తారని చూశాను. నక్షత్రాలు పెట్టి వెళ్ళిపోతున్నారు. మళ్ళీ కొనేవాళ్ళు తగ్గారు. "పహ్లే వాలీ బాత్ నహీ," అని ఒకరిద్దరు రాశారు. మునుపటిలా లేదట.

సరే, ఇదేం బ్రహ్మవిద్యా అని కాగితం, పురికొస తెచ్చుకుని పాతవాళ్ళకి నేనే కట్టి పంపాను. పసుపు చుక్క కూడా పెట్టాను. జబల్పూర్‌లో ఒక టీచరమ్మ ఉంది, ఏ పండగ వచ్చినా నా దగ్గరే కొంటుంది. ముడి ఊడక కత్తెరతో కోయాల్సి వచ్చిందని, పొరపాటున కాగితంతోపాటు పాగా కొస కూడా తెగిందని, కోపంగా కాదు, నొచ్చుకుంటూ రాసింది. పిన్ని చెప్పిన మాటే. ఇప్పినోడికి కోపం రాకూడదు.

ఇదిగో, ఇలాంటి సమయంలో ఆ పొట్లం తిరిగొచ్చింది.

పైన చిరిగిన ప్లాస్టిక్ తీసేసి చూస్తే లోపల చెక్కుచెదరలేదు. అన్ని గోడౌన్లు తిరిగినా ముడి జారలేదు. దాన్ని మిషన్ ఎదురుగా ఉన్న అరలో పెట్టాను. విప్పి చూస్తే ఎలా వేసిందో తెలుస్తుందేమోనని కొస పట్టుకున్నాను కూడా. కానీ ఆ ముడి సంగతి నాకు తెలిసిందే. లాగితే తిన్నని పురికొస మిగులుతుంది, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడే జబల్పూర్ టీచరమ్మ దగ్గర్నుంచి ఆర్డరు వచ్చింది. నాలుగో నంబరు సైజు, మామిడిపండు రంగు. పాత చీటీ చూస్తే పొట్లంలో ఉన్నది సరిగ్గా అదే. పాగా కొస తెగినా టీచరమ్మ మళ్ళీ నా దగ్గరకే వచ్చింది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి అరలో పొట్లం చూసింది. నేను తెలుగులో ఏం అడిగినా అది హిందీలోనే జవాబిస్తుంది.

"దీన్ని పంపేద్దునా?" అని అడిగాను.

"రఖ్ లో మమ్మీ. ఉన్‌కీ నిశానీ హై," అంది. గుర్తుగా దాచుకోవాలట.

దాచుకోవడమేమిటి? రోజూ నేను కుడుతుంటే ఎదురుగా అరలో కూర్చుని చూస్తూ ఉంటుందా? ఉన్నప్పుడు నా షాపులో సగం పట్టుకుపోయింది, పోయాక నా ఇంట్లో అర కూడా రాసివ్వాలా? దీపం ఒకటే తక్కువ. ఆ మాట తలుచుకోగానే ఇంక ఆగలేదు. పొట్లాన్ని కొత్త ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొత్త చీటీ అతికించి, ఆ సాయంత్రమే బండివాడికి ఇచ్చేశాను.

వారం తర్వాత టీచరమ్మ రాసింది. హిందీలో రాసినదాన్ని మన మాటల్లో చెబుతాను. "పొట్లాలు కట్టే ఆవిడ సెలవు మీద వెళ్ళారనుకున్నాను, వచ్చేశారా? మధ్యలో ఇంకెవరితోనో కట్టించారు, తెలిసిపోయింది. ఈసారి ఒక్కసారి లాగగానే విడిపోయింది. ఆవిడకి నా ప్రణామం చెప్పండి. ఇంక ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పండి." బట్ట గురించి ఒక్క ముక్క లేదు.

అలవాటు చొప్పున నేను దాన్ని గట్టిగా చదివాను. చివరి వాక్యం చదివాక ఆగాను. వరండాలో మిషన్, నేను, గోడ. అలగా అనే మనిషి లేదు, టీ తాగుతావా అనే మనిషి లేదు. అప్పుడు ఏడ్చాను. అరుగు దగ్గర గాజులామె ముందు రానిదంతా అప్పుడు వచ్చింది.

జవాబు రాయాలి కదా. ఆవిడ పోయారని రాసి చెరిపేశాను. నేనే కట్టానని రాయొచ్చు. ఫోను నాదే, షాపు నాదే, అడిగేవాళ్ళెవరు? రాయలేదు. ఆవిడకి వచ్చిన మెప్పు నేను తీసుకుంటే అది ఆవిడ నాకు పెట్టిన ముష్టి అవుతుంది. అంతకంటే మండేది ఇంకోటి లేదు. "చెబుతాను," అని రాసి పంపాను.

దాంతో ఆవిడ కట్టిన పొట్లాలు అయిపోయాయి. ఇక ఆవిడని ఎవరూ మెచ్చుకోరు. నేను కోరుకున్నదీ అదే. కానీ మిషన్ మీద కూర్చుంటే కాలు ఆడటం లేదు. ఇన్నాళ్ళూ ఒక్కొక్క పూస కుడుతూ, ఈసారి చూడు పిన్నీ, నీ పొట్లం సంగతి మర్చిపోయి బట్ట గురించే రాస్తారు అని మనసులో ఆవిడతో పందెం కడుతూనే ఉండేదాన్ని. ఆ పందెంతోనే నా కుట్టు ఇంత సన్నబడింది. ఇప్పుడు ఎవరి మీద కుళ్ళుకుని కుట్టను? గాజులామె ఉంది కానీ, ఆవిడ సరిపోదు.

పోయిన వారం ఆకాశం రంగు పోషాక్ ఒకటి పూర్తి చేశాను. మడతపెట్టబోతూ ఆగి, వంటింట్లోకి వెళ్ళి, వేలు తడిపి పసుపు అద్దుకుని వచ్చాను. కాగితానికి కాదు, బట్టకే పెట్టాను. అంచు లోపల, మా అమ్మ నా పరికిణీకి పెట్టిన చోట. ఆకాశం రంగు మీద పసుపు ఎంత లోపల పెట్టినా కనపడుతుంది. మా అమ్మాయి చూసి కంగారు పడింది.

"మమ్మీ, రిటర్న్ ఆయేగా!"

"వత్తే రానీ," అన్నాను.

కాగితం మీద చుక్క ఆవిడది, అది ఆవిడకే ఉండనీ. బట్ట మీద కూడా ముందు ఆవిడే పెట్టింది కదా అని ఎవరైనా అనొచ్చు. ఆవిడ కంటే ముందు మా అమ్మ పెట్టింది. అది నాది. ఆరేదాకా ఊదుతూ కూర్చుని, ముందు భాగం లోపలికి మడిచి, నాకు వచ్చిన ముడేదో కొంచెం వదులుగా వేసి పంపాను.

నాసిక్ గుంటడికి వెళ్ళింది. ఇంకా తిరిగి రాలేదు.